పెళ్లికొడుకెక్కిన నా కారు

ఈ టీ గ్లాసు మీద సెయ్యేసి సెప్తన్నాను, మీరు నమ్మరు. నమ్మరని నాకు తెలుసు. మా ఇంటిదే నమ్మనేదు, పక్కనే నిలబడి కళ్లారా సూసిన మనిసి! మొన్న యలమంచిల్లో మా బామ్మర్ది పెళ్లయిందా, ఆ పెళ్లిలో నా కారుకి జరిగిన మర్యాద ఈ నర్సీపట్నంలో ఏ కారుకీ జరగనేదు. ఇకమీద జరగదు కూడాను. ఏం మర్యాదో సెప్తాను గాని, ముందు ఆడి సంగతి సెప్పాల.

ఆడంటే ఎవుడు? మా తోడల్లుడు అప్పలనాయుడు.

మా అత్తోరికి ఇద్దరాడపిల్లలు, ఒక మొగపిల్లడు. పెద్దదాన్ని ఆడు సేసుకున్నాడు, రెండోదాన్ని నాను సేసుకున్నాను. మొగపిల్లడు గోయిందు. పెళ్లి ఆడిదే.

ఈ అప్పలనాయుడు మాఘమాసంలో కారు కొన్నాడు. సిన్న కారే, తెల్లది. కొన్నోడు ఇంట్లో పెట్టుకోవచ్చు గదా? మా ఈదిలోకి తెచ్చి, మా గుమ్మం ముందర ఆపి, ఆరన్ కొట్టి, "తమ్ముడూ, మంచినీళ్లుంటే ఇయ్యి" అన్నాడు. మంచినీళ్లకి కారేసుకొచ్చేడు సూడండి! నాకేటి కుళ్లా? నాకు కుళ్లు నేదు. వారం రోజులు అన్నం సయించనేదు, నిద్ర పట్టనేదు, అంతే.

జీడిపిక్కలు అమ్మీగానే నానూ కొనీసేను. అదే కంపినీ, అదే కారు, నాది ఎర్రది. ఇంటికి తెచ్చి సుట్టూ తిరిగి సూసేను. ఆడి కారుకి నాలుగు తలుపులు, నా కారుకీ నాలుగే. ఆడిదానికి నాలుగు సక్రాలు, నాదానికీ నాలుగే. కంపినీవోడు అందరికీ ఒకేలాగ ఇచ్చీసేడు బాబూ! మరింక ఆడికీ నాకూ తేడా ఏటి?

అత్తోరింటికాడ ఆడి కారు సుట్టూ ఓ సుట్టు తిరిగేను. సీట్లకి పులిసారల కవర్లు. స్టీరింగుకి తోలు తొడుగు. బంపరుకి స్టీలు కడ్డీ. పైన ఏంటినా. డాష్‌బోర్డు మీద తలకాయ ఊపే కుక్కపిల్ల ఒకటి. ఆ కుక్కపిల్ల నా యేపు సూసి "అవునవును, నీకు నేవు, నీకు నేవు" అన్నట్టు ఊపుతంది. తస్సాదియ్యా, కడుపు రగిలిపోనాది.

అప్పుడే మా అత్త కాఫీ తెచ్చి అన్నది. "బాబూ, పెళ్లికొడుకుని ఏ కార్లో తీసుకెల్దాం?"

నాను నోరు తెరిసేలోగానే అప్పలనాయుడు అందుకున్నాడు. "దానికి ఆలోసనేటత్తా? పెళ్లికొడుకు నా కార్లో వస్తాడు. తమ్ముడి కారు సామాన్లకి బాగుంటాది. డిక్కీలో బిందెలూ, కూరగాయలూ ఏసుకొని ఎనకాల వస్తాడు."

కూరగాయలు! నా కార్లో! అత్త ఇద్దరి మొకాలూ సూసింది. "కొట్టుకోకండి నాయినా. పెళ్లినాటికి ఏ కారు ముస్తాబు బాగుంటే ఆ కారెక్కుతాడు" అనీసింది.

అయిపోనాది. ఇంక నాకు కాఫీ దిగుతాదేటి? మర్నాడు పొద్దున్నే ఇసాపట్నం ఎల్లిపోనాను. కార్ల సామాన్లమ్మే షాపు. లోపలికెల్తే కళ్లు సెదిరిపోనాయి. గోడ నిండా యేలాడతన్నాయి!

"ఏటి కావాల సార్?" అన్నాడు షాపువోడు.

"నర్సీపట్నంలో ఎవుడికీ నేనివి అన్నీ కావాల" అన్నాను.

ఆడు నా మొకం సూసి కుర్సీ ఏసి, కూల్‌డ్రింకు తెప్పించేడు. అప్పుడే తెలుసుకోవాల్సింది.

ముందు కుక్కపిల్లలు. ఆడికొకటి, నాకు రెండు. సీట్లకి మకమలు కవర్లు. కంపినీవోడిచ్చిన ప్లాస్టిక్కు తీసీమంటారా అన్నాడు. తీస్తే కొత్త కారని ఎలగ తెలుస్తాది? మకమలు మీద మళ్లీ అదే ప్లాస్టిక్కు తొడగమన్నాను. డిక్కీలో పెద్ద బాక్సు స్పీకరు. పది పాటల ఆరన్. రిమోటు తాళం, నొక్కితే కీక్ కీక్ మంటాది. తలుపు మీద లోపల పైకి లాగే బుడిపెలుంటాయి సూడండి, అయి పీకీసి కొత్తయి పెట్టేడు. తాళం పడితే తలుపులోకి దిగిపోతాయి, ఏలికి అందవు. "దొంగోడి బాబొచ్చినా లాగలేడు సార్" అన్నాడు.

"అద్దాలకి నల్ల ఫిలిం ఏస్తాం సార్. లైటుది ఎయ్యమంటారా?"

"మా అప్పలనాయుడు ఏదేసేడు?" అన్నాను.

"అతనెవరో నాకు తెలీదు సార్."

"అయితే నీకాడున్నాటిలో అన్నింటికంటే నల్లది ఎయ్యి."

ఏసేడు. బాబోయ్, ఏం నలుపు! లోపల ఏనుగున్నా బయటికి తెలీదు. "గమ్ము ఆరాల సార్, వారం రోజులు అద్దాలు దింపకండి" అన్నాడు. పెళ్లి నాలుగు రోజుల్లోకొచ్చీసింది. ఎవుడైనా దింపీస్తే? నానేటి తక్కువోడినా? ఇంటికొచ్చి అద్దాలు తిప్పే హేండిళ్లు నాలుగూ స్క్రూడ్రైవరుతో ఇప్పీసి బీరువాలో పెట్టి తాళం ఏసీసేను.

మా ఇంటిది సూసింది. "ఏటయ్యా, లోపలున్నోడికి ఊపిరాడక్కర్నేదా?" అన్నాది.

"బ్లోయరుంది కదేటే, పిచ్చి మొకమా!"

పెళ్లి పొద్దున్న అత్తోరింటి ముందర రెండు కార్లూ నిలబెట్టేం. ఆడు తెల్లదానికి నాలుగు బంతిపూల దండలు కట్టేడు. నాదానికి ముందద్దం నిండా పూలే! పైన పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పేర్లు రాసిన అట్టముక్క. నాను రోడ్డు సూసుకోడానికి అరిసేయంత సందు వదిలేను, అంతే. రిమోటు నొక్కేను, కీక్ కీక్. ఆరన్ కొట్టేను, పాట. రెండు కుక్కపిల్లలూ తలకాయలూపేయి. ఈది ఈదంతా నోరెల్లబెట్టీసింది.

అత్త ఆ కారు సూసింది, ఈ కారు సూసింది. "గోయిందూ, సిన్నబావ కారెక్కరా" అన్నది.

అప్పలనాయుడి మొకం సూడాల! కాల్సిన వంకాయలాగయిపోనాది. ఆ మొకం ఫొటో తీసి నా కారుకి ఏలాడదీసుంటే అన్నింటికంటే మంచి సామానయ్యుండేది.

పెళ్లికొడుకుని ఒక్కడ్నే ఎనకాల కూకోబెట్టేను. ఇంకెవుల్నీ ఎక్కనివ్వనేదు, కవర్లు నలిగిపోవూ? మా ఇంటిదాన్ని కూడా ఆడోళ్ల బస్సులో పంపీసేను. యలమంచిలి దాకా గోయిందు ఎండలో ప్లాస్టిక్కు మీద జర్రున ఇటు జారడం, అటు జారడం. "బావా, ఉడికిపోతన్నాను" అంటాడు. "రాజులాగున్నావు, కదలకు" అంటాను నాను.

పెళ్లింటి ఈది మొగలోనే బేండుమేళం ఎదురొచ్చింది. ఆడపిల్లోళ్లు పానకం బిందె, హారతి పళ్లెం, పెద్ద గులాబీల దండ పట్టుకొని దూరంగా నడిసొస్తన్నారు. ఇదే కదా నాకు కావాల్సింది! పెళ్లికొడుక్కి ఆ దండ నా కారు తలుపు కాడ పడాల. అప్పలనాయుడు ఎనకాల కార్లోంచి సూడాల. అంతే, ఈ జన్మకి సాలు.

ఇంజనాపనేదు, బ్లోయరు తిరగాల కదా. నాను దిగీసేను. దిగకపోతే కారెవులిదో జనానికి ఎలగ తెలుస్తాది? దిగ్గానే మనోళ్లు నన్ను లాగీసి బేండు ముందరకి తోసేరు. ఇంక సూడు, ఎగిరేనూ! రిమోటు నా లాల్చీ జేబులోనే ఉంది. నాను ఎగిరినప్పుడల్లా అది నొక్కుకుపోతంది. కీక్ కీక్. బేండు గోలలో ఎవులికి ఇనబడతాది?

లోపల గోయిందు తలుపు లాగేడంట. రాదు. బుడిపె లాగుదామనుకున్నాడంట. బుడిపేది? అద్దం దింపుదామనుకున్నాడంట. హేండిలేది? బీరువాలో ఉంది! సీట్ల మజ్జిలోంచి ముందుకి దూరి ఆరన్ నొక్కీసేడు. ఒక పాటొచ్చింది. బేండువోళ్లు ఇన్నారు, అదే పాట ఎత్తుకున్నారు. ఆడు మళ్లీ నొక్కేడు, రెండో పాట. ఆళ్లూ రెండో పాట! జనం ఈలలు! ఆడు లోపల్నుంచి అద్దాలు బాదుతంటే కారు ఊగుతంది. నాను సెయ్యెత్తి అరిసేను, "సూసేవా అన్నయ్యా, నా కారు కూడా పెళ్లికి ఆడతంది!"

అప్పలనాయుడికి నోరు ఖాళీ నేదు.

ఏటైందంటే, గోయిందు ఇంకా బుడిపె ఎతుక్కుంటన్నప్పుడే హారతి పట్టుకున్న ఆడోళ్లు నా కారు కాడికి ముందొచ్చేరు. లోపలికి సూసేరు. ఆ నల్లద్దంలో ఆళ్ల మొకాలే ఆళ్లకి కనబడ్డాయి. ఒకావిడ బొట్టు సర్దుకుంది, ఇంకొకావిడ కొప్పులో పువ్వు సర్దుకుంది. ఖాళీ కారనుకొని ఎనక కారు కాడికెల్లిపోనారు. అక్కడ తెల్లకార్లో అద్దాలన్నీ దింపీసి, పట్టు లాల్చీ ఏసుకొని, దర్జాగా మా అప్పలనాయుడు! పెళ్లికూతురి తాతకి కళ్లు సరిగ్గా ఆనవు. కిటికీలోంచి దండేసీసేడు. ఆడోళ్లు హారతిచ్చీసేరు. పానకం గ్లాసు నోట్లో పెట్టీసేరు. ఈడేటి సేసేడు? నాను కాదు బాబో అనొచ్చు గదా? పానకం తాగుతన్నాడు!

ఒట్టు, ఆ దండ ఆడి మెళ్లో సూసేసరికి నాకు పెళ్లికొడుకు గుర్తుకే రానేదు. దండ ఆడి మెళ్లో ఎలగ పడింది? నా కారుకి రావాల్సిన దండ!

బస్సు దిగి మా అత్త వచ్చింది. పెద్దల్లుడి మెడ సూసింది. "గోయిందేడ్రా?" అని కేకేసింది.

అప్పుడు పరిగెట్టేను. తలుపు లాగేను, రానేదు. జేబులో సెయ్యెట్టేను. రిమోటు సగమే ఉంది! మిగతా సగం, అందులో బేటరీ, ఊడి కిందపడి ఎవులి కాళ్ల కిందో నలిగిపోనాయి. తాళం సెవి బండికే ఉంది. పూల సందులోంచి లోపలికి సూద్దును గదా, అటో కుక్కపిల్ల, ఇటో కుక్కపిల్ల, మజ్జిన మా బామ్మర్ది మొకం. సెమటలు కారిపోతన్నాయి. ముగ్గురూ తలకాయలూపుతన్నారు.

పెళ్లి సేయించే అయ్యగారు పందిట్లోంచి కేకేసేడు, ముహూర్తం ముంచుకొచ్చీసింది, పెళ్లికొడుకుని బేగి తెండి అని. ఎవుడో రాయెత్తేడు. నాను సేతులడ్డం పెట్టీసేను. "ఒరే, రాయి కిందెట్టు! ఫిలిం కొత్తది!"

"నీ ఫిలిం మండిపోను! నా కొడుకు లోపలుడికిపోతన్నాడయ్యా!" అత్త నా లాల్చీ కాలరు పట్టీసుకుంది. అల్లుడి కాలరండీ! మా ఇంటిదైనా అడ్డొచ్చిందా? "ఊపిరాడక్కర్నేదా అని నాను సెప్పనేదేటి?" అంటంది.

ఆ టైముకి దండ మెళ్లో ఏసుకొనే వచ్చేడు అప్పలనాయుడు. ఆడిదీ అదే కారు కదా. పూల సందులోకి మొకమెట్టి అరిసేడు, "గోయిందూ! డ్రైవరు సీటు కింద, కుడిపక్క లీవరుంటాది, లాగు! డిక్కీ తెరుసుకుంటాది!" ఆ ముక్క నానే అనబోతన్నాను. ఆడు ముందనీసేడు.

గోయిందు ఒకటి లాగేడు. పెట్రోలు మూత తెరుసుకుంది. ఇంకోటి లాగేడు. టక్కుమని డిక్కీ లేసింది.

లెగిస్తే? అందులో నా బాక్సు స్పీకరుంది కదా! ఎనక సీటు దాటుకొని, దాని పైనుంచి ముందు ఓ సెయ్యొచ్చింది. తరవాత తలపాగా వచ్చింది, తలకాయ ఇంకా రానేదు. తరవాత తలకాయ, బాసికం సెవి మీదకొచ్చీసింది. నానూ అప్పలనాయుడూ సెరో రెక్కా పట్టుకొని లాగేం. పట్టుపంచె ప్లాస్టిక్కుకి అతుక్కుపోయి, సీటు కవరు కూడా ఆడి ఎనకాలే వచ్చీసింది. స్పీకరు బాక్సు ఊడి అప్పలనాయుడి కాలి మీద పడింది. అదొక్కటే మంచి జరిగింది.

పెళ్లికూతురి నాయనమ్మ ముక్కు మీద ఏలేసుకుంది. "ఓలమ్మ! ఇదేటర్రా, పెళ్లికొడుకుని సామాన్లతోపాటు డిక్కీలో తెచ్చేరు!"

ఫొటోలోడు ఫట్ ఫట్ మని కొడతానే ఉన్నాడు. ముహూర్తానికి పీటల మీద కూకున్నాడు గోయిందు, దేవుడి దయవల్ల. మా అప్పలనాయుడు కుంటుకుంటూ నా పక్కకొచ్చి, దండ సర్దుకొని, మెల్లిగా అన్నాడు. "నాను సెప్పనేదేటి తమ్ముడూ, నీ కారు సామాన్లకి బాగుంటాదని."

ఇప్పుడు మా ఊరి అబీద్ సెంటర్లో కారాపితే సాలు, "బాబూ, డిక్కీ తెరువు, ఎవులున్నారో సూద్దాం" అంటన్నారు. అననియ్యండి. ఎర్ర కారంటే నాది, నాదంటే డిక్కీ. ఇంత పేరు ఆడి తెల్లకారుకొచ్చిందా?

నవ్వుతున్నారేటర్రా? నమ్మరా? ఎల్లి పెళ్లి ఆల్బం తిరగెయ్యండి. నా కారు పెళ్లికూతురికంటే ఎక్కువ ఫొటోల్లో ఉంది, డిక్కీ తెరిసి ఎనకనుంచి తీసినవే అనుకోండి. ఆడి తెల్లకారు ఒక్క ఫొటోలో సూపించండి. సూపిస్తే నా రెండు కుక్కపిల్లల్నీ నా సేతుల్తో పీకి, ఆడి డాష్‌బోర్డు మీద నానే అతికించీసి వస్తాను!