రెండువందల పద్నాలుగో వివరణ

మా పెద్దమ్మ పదకొండేళ్లు ఒకే పుస్తకంతో కాపురం చేసింది. గ్రహాలు ఎందుకలా తిరుగుతాయో లెక్కలతో చెప్పే పుస్తకం అది; దాన్ని తెలుగులోకి అనువదించే పని పెట్టుకుంది. రాసినాయన మహానుభావుడే కానీ, మధ్యలో నాలుగు స్టెప్పులు మింగేసి "ఇది తేలికగానే తెలుస్తుంది" అని చేతులు దులుపుకుంటాడు. ఆ తేలిక సంగతి తేల్చడానికి పెద్దమ్మకు ఒక్కోసారి మూడు నెలలు పట్టేది. తేలాక పేజీ అడుగున వివరణ రాసేది. అలా అనువాదం కన్నా వివరణలే లావెక్కాయి.

ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు. మంచం మీద సగం కాగితాలు, మిగతా సగంలో ఆవిడ. మేం వెళితే టీ ఇచ్చి, ఆశగా ఒక పేజీ చేతిలో పెట్టేది. "అబ్బో!" అని తిరిగిచ్చేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఆవిడకు కావలసిందల్లా పక్కన కూర్చుని "ఇదిగో, ఇక్కడ తప్పు చేశావు" అనే మనిషి ఒక్కరు.

చివరికి ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి, వాటితోపాటు ఆవిడ రాతప్రతీ తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"ఒరేయ్, ఎవరో చదివార్రా! నా రాతప్రతి మీద, రెండువందల పద్నాలుగో వివరణలో, చంద్రుడి లెక్క దగ్గర, నా ప్లస్సు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ప్రశ్నగుర్తు పెట్టారు. నిజమేరా, అక్కడ మైనస్సే రావాలి!"

తప్పు బయటపడినందుకు అంత మురిసిపోయిన మనిషిని నేను చూడలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ప్రెస్సుకు బయల్దేరింది.

ప్రూఫులు దిద్దే ఆయన ఆ పేజీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మాకు లెక్కలెక్కడ తెలుస్తాయి మేడమ్? అక్షరానికి అక్షరం సరిచూస్తాం, అంతే. ఆ పెన్సిల్ గీతలు మీరిచ్చినప్పట్నుంచీ ఉన్నాయి. చెరిపితే కోప్పడతారని వదిలేశాం."

పెద్దమ్మ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఎప్పుడో అనుమానమొచ్చి, తనే పెట్టుకుని మరిచిపోయిన గుర్తు.

"నాదే," అంది మెల్లగా. ఆయన దగ్గర పెన్ను అడిగి తీసుకుని ప్రూఫులో ప్లస్సు కొట్టేసి మైనస్సు పెట్టింది.

బయటికొచ్చాక ఉండబట్టలేక, "ఇకనుంచి నేను చదువుతాలే పెద్దమ్మా," అన్నాను.

"నిన్ను పదో క్లాసు లెక్కల్లో గట్టెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చిందిరా," అని నవ్వింది. నవ్వుతూనే ప్రెస్సు మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది.