డబుల్ ఛాన్స్ గ్వెన్

మా ఊరు బెరింగాలో గ్వెన్ ప్రిడ్మోర్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా ఒక క్షణం బుర్ర గోక్కుంటారు. డబుల్ ఛాన్స్ ఇల్లెక్కడ అనండి, పాలుతాగే పిల్లలు కూడా చూపిస్తారు.

ఆ పేరెలా వచ్చిందో నన్నడగండి. ఆ రోజు ఫుట్‌బాల్ క్లబ్బు వంటగదిలో ఆవిడ పక్కన నిలబడి సాసేజిలు కాలుస్తున్నది నేనే. ఊళ్ళోవాళ్ళు చెప్పేది సగం కోతలే.

గ్వెన్ స్కూలు బస్సు నడిపేది. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఆ బస్సూ, మా క్లబ్బూ. ఆటగాళ్ళ బురద జెర్సీలన్నీ ఇంటికి మోసుకుపోయి ఉతికింది. విరామంలో వాళ్ళకి నారింజలు కోసిచ్చింది. ఏళ్ళ తరబడి చేసీ చేసీ చివరికి ప్రెసిడెంటయింది. మా లీగులో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. "ఆడవాళ్ళకి ఆటేం తెలుసు?" అని మూతులు తిప్పిన మగమహారాజులకి బుద్ధి చెప్పాలని ఆవిడకి పంతం.

మాకు గోల్స్ కొట్టిపెట్టేవాడు క్లైవ్ పెంగెల్లీ. చిన్నప్పుడు గ్వెన్ బస్సులో వెనక సీటెక్కి అల్లరి చేసినవాడే. ఇద్దరూ ఎదురుపడితే తిట్లే. "ముసలీ, నీ బస్సుకన్నా నా ట్రాక్టరు నయం," అనేవాడు. "నీ మోకాళ్ళు నా బస్సుకంటే ముందే తుక్కుకి పోతాయి, చూస్తుండు," అనేది. మా దగ్గర అంతే, ఇష్టమున్నవాళ్ళనే తిడతాం. ఆ ఏడాదితో ఆట మానేస్తానని వాడు చెప్పేశాడు. ఇన్నేళ్ళలో ఒక్క గ్రాండ్ ఫైనల్ ఆడలేదు పాపం. ఈసారైనా ఆడాలని వాడి ఆశ. వాడికంటే గ్వెన్‌కే ఎక్కువ ఆశ.

మా లీగులో చివరికి అయిదు జట్లు మిగులుతాయి. మొదటి జట్టు ఆ వారం కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. రెండూ మూడూ తలపడతాయి. అందులో ఓడినా ఇంటికి పోనక్కర్లేదు, పై వారం ఇంకో ఆట ఉంటుంది. అదే డబుల్ ఛాన్స్. నాలుగుకీ అయిదుకీ ఆ భోగం లేదు. ఓడితే బూట్లు సర్దుకోవడమే.

ఆఖరి లీగ్ మ్యాచ్ నాటికి మేం మూడో స్థానంలో ఉన్నాం. క్లైవ్‌కి తొడ వెనక నరం పట్టేసింది. అయినా ఆడతానన్నాడు.

"నోర్మూసుకుని కూర్చో," అంది గ్వెన్. "ఇవాళ మనం ఓడి, వెనకున్న కోల్‌బిన్ వాళ్ళు గెలిచినా మనతో సమానమవుతారు, అంతే. అప్పుడు శాతం చూస్తారు. అందులో మనమే పైన. నిన్ను ఫైనల్స్‌కి దాచుకుంటున్నాను."

శాతమంటే ఏడాది పొడుగునా మేం కొట్టిన పాయింట్లకీ, మా మీద అవతలివాళ్ళు కొట్టినవాటికీ మధ్య లెక్క.

"చిత్తుగా ఓడితే ఆ శాతం కరిగిపోదూ?" అన్నాడు కోచ్.

"ఎంత కరుగుతుందయ్యా? అదేమన్నా ఐస్‌క్రీమా?"

ఆవిడ అక్కడితో ఆగినా బాగుండేది. మైకు లాక్కుని మైదానమంతా దద్దరిల్లేలా, "ఎవరూ కంగారు పడకండి, మనకి డబుల్ ఛాన్స్ ఉంది!" అని చాటింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

క్లైవ్ లేని మా జట్టుని అవతలివాళ్ళు ఉతికి ఆరేశారు. అదే సమయంలో కోల్‌బిన్ వాళ్ళు ఎవరో అనామకుల మీద గోల్స్ కుమ్మరించారు. సాయంత్రం రేడియోలో చెప్పాడు: శాతంలో వెంట్రుకవాసి తేడాతో కోల్‌బిన్ మూడు, బెరింగా నాలుగు. గ్వెన్ చేతిలో పట్టకారు కిందపడింది. "మళ్ళీ చెప్పమనవే," అంది నాతో, రేడియోవాడు పక్కగదిలో ఉన్నట్టు.

పై శనివారం క్లైవ్ ఆడాడు. కాలు బాగుంది, ఆటా బాగుంది. ఆఖర్లో మేం రెండు పాయింట్లు వెనకబడి ఉండగా బంతి వాడి చేతికే వచ్చింది. మా ఫుట్‌బాల్ వేరు, బంతి చేత్తోనూ పట్టుకోవచ్చు. నడి స్తంభాల మధ్యకి తంతే ఆరు, పక్క స్తంభాల మధ్యకి పోతే ఒకటి. అది పక్కకే పోయింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మూడో స్థానంలో ఉండుంటే అది పెద్ద లెక్కే కాదు, పై వారం ఇంకో ఆట ఉండేది.

క్లైవ్ బురదలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. గ్వెన్ వెళ్ళి, "తప్పంతా నాదిరా," అంది.

వాడు లేచి నిలబడ్డాడు. "పర్వాలేదండీ, మిసెస్ ప్రిడ్మోర్. మీరు మా మంచికే చేశారు."

అండీ అన్నాడు! మీరు అన్నాడు! పక్కనున్న నాకే తల కొట్టేసినట్టయింది, ఇక ఆవిడ సంగతి చెప్పాలా? చెంప పగలగొట్టినా ఆవిడ తట్టుకునేది.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? "కిలో చాలా, డబుల్ ఛాన్స్ కింద రెండు కొట్టమంటావా?" అన్నాడు మాంసం కొట్టువాడు. అందరితో పాటు ఆవిడా నవ్వేది. దూరంగా క్లైవ్ కనిపిస్తే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేది. వాడు అక్కణ్ణించే టోపీ తీసి, "బాగున్నారా, మిసెస్ ప్రిడ్మోర్?" అనేవాడు. ఆ రోజంతా ఆవిడకి తిండి సహించేది కాదు. "ఆడదాన్ని కూర్చోబెడితే ఇంతే అంటున్నారే. నా ఒక్కదాని పరువైతే పోనీ అనుకుందును," అని నా దగ్గర కుమిలిపోయింది. ప్రెసిడెంటు పని వదిలేసింది. నేను బతిమాలితే వంటగదికి వచ్చేది, అదీ తిండి అమ్మే కిటికీ దగ్గరికి రమ్మననని నాచేత ఒట్టు పెట్టించుకుని.

మళ్ళీ చలికాలం వచ్చింది, దాంతో పాటే ఆటలూ. సొంత మైదానంలో మొదటి ఆట. కిటికీ ముందు బారెడు వరస. అందులో క్లైవ్, ఆట మానేసినవాడు కదా, కోటు వేసుకుని నిలబడ్డాడు. మాంసం కూరి కాల్చిన మీట్‌పై ఒకటి అడిగాడు. గ్వెన్ ఓవెన్ దగ్గర అటు తిరిగి నిలబడింది. వాడు మెడ వంచి లోపలికి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏయ్ ముసలీ!" అని అరిచాడు. "నీకు కాదూ చెప్పేది, డబుల్ ఛాన్సూ! నాది మాడ్చావో, ఇంకోటి ఊరికే ఇవ్వాలి!"

వరసంతా గొల్లుమంది. గ్వెన్ ట్రే పట్టుకుని కిటికీ దాకా వచ్చింది. "నీ మొహానికి ఆ ఒక్కటే ఎక్కువ, పో," అంది.

వాడు నవ్వుకుంటూ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ నా భుజం పట్టుకుంది.

"విన్నావుటే? నన్ను ముసలీ అన్నాడే వాడు," అని భోరున ఏడ్చింది.