ఒకే వైపు చేతులున్న చొక్కా

టైలరు తాతకి డెబ్బై ఆరేళ్లు. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే భుజం కొలత చెప్పేస్తాడు. ఆ గర్వం ఆయనకి కాస్త ఎక్కువే. అలాంటివాడు ఆ మంగళవారం ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించి కూర్చున్నాడు.

బట్టను రెండు మడతలు వేసి కోస్తే ఎడమా కుడీ వాటంతటవే వస్తాయి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతే. ఆయన మడత వేయడం మరిచిపోయి, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే వైపుకి కోశాడు. చూసుకుని బిత్తరపోయాడు.

"ఇది నేను కోసిందేనా?" అని కోడలిని అడిగాడు. కోడలు కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

తాతకి మతి పోతోందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు. చేతిలో కత్తెర లేకపోతే తనెవరో ఆయనకే అంతుపట్టలేదు. నాలుగో రోజు చదును నేల మీదే తూలిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

భార్య ఆ చొక్కాని సంచిలో పెట్టుకుని మరీ ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ చొక్కా చూసి, మాత్రల చీటీ చూసి, రక్తపరీక్ష చేయించింది.

"రక్తంలో సోడియం బాగా పడిపోయింది తాతగారూ. బీపీకి మీరు వేసుకునే, ఒంట్లో నీరు తీసేసే మాత్ర వల్లే అనుకుంటా. ఈ తికమకా, తూలడమూ అందుకే. చాన్నాళ్లు ఇలాగే ఉంటే ఎముకలకీ మంచిది కాదు. మీవి ఎలాగూ పలచబడ్డాయి."

"సోడియం అంటే?"

"ఉప్పులో ఉండేదే."

తాత నోరు తెరిచాడు. "పదేళ్లుగా ఈవిడ నాకు చప్పిడి కూడు పెడుతోంది. ఉప్పు ముట్టొద్దని మీరేగా చెప్పారు! ఇప్పుడేమో అది లేక పడ్డానంటారా?"

"అలాగని ఉప్పు డబ్బా ముందేసుకోకండి. మాత్ర మారుస్తాను. నీళ్లు ఎంత తాగాలో చెప్తాను. ఎముకలకీ మందు మొదలుపెడదాం."

తాతకి సగమే అర్థమైంది. భార్యకి అదీ కాలేదు. ఇన్నేళ్లూ కాపాడుకుంటున్నానని అనుకుంది పాపం, అక్కడే ఏడ్చేసింది.

మూడు వారాలకు సోడియం సరిపడా పెరిగింది. చేతికి కట్టు ఇంకా ఉంది. కోడలు తలవంచుకుని కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది. భార్య బట్ట మడిచి పట్టుకుంటే తాత కుడిచేత్తో కోశాడు. విప్పి పరిస్తే ఎడమ ఒకటి, కుడి ఒకటి. అయినా నమ్మకం కుదరక కోడలిని పిలిచి చూపించాడు.

"సరిగ్గానే ఉన్నాయి మామయ్యా."

"ఈసారి తప్పు కోస్తే ముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమ్మా," అన్నాడు తాత. "తాళం తర్వాత వేద్దువుగాని."