గేటుకు కట్టిన వల

మా వీధి చివర వలలు బాగుచేసే ఆయన నాకు మరిది వరస. అందరూ ముడిమామ అంటారు. చిన్నప్పుడు పడవెక్కితే వాంతులయ్యేవట, అందుకే ఒడ్డున కూర్చుని ఈ పని నేర్చుకున్నాడు. "సముద్రం మీద బతుకుతూ సముద్రమంటే కడుపులో తిప్పేది నీకొక్కడికే" అని ఏడిపిస్తుంటాను. నవ్వుతాడే గానీ సూది ఆపడు.

వలను బారుగా లాగి కడితేనే చిరుగు కనబడుతుంది. మడతల్లో వెతికితే మనకు దొరకదు, చేపకు దొరుకుతుంది. ఇన్నేళ్ళూ ఇసుకలో పాతిన గుంజలకు కట్టేవాడు. కిందటేడు హోటలువాళ్ళు ఒడ్డు పొడవునా కంచె వేసి, మా సందు ఇసుకలో కలిసేచోట ఇనప గేటు పెట్టారు. ఒక గుంజ పీకేశారు. రెండోది కంచె లోపల ఉండిపోయింది. కాపలాకు ఎవర్ని పెట్టారనుకున్నారు? ముడిమామ సొంత బావమరిదినే!

పాపం, కొన్నాళ్ళు వరండాలో కుట్టాడు. ఆ వలల్లోంచి చేపలు జారిపోయాయని పడవవాళ్ళు పని ఇవ్వడం మానేశారు. ఒక పొద్దున కేకలు వినబడితే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను. గేటు బార్లా తెరిచి ఉంది. వల ఒక కొస గేటు ఊచలకు, రెండో కొస లోపలి గుంజకు కట్టేసి, మరిది కుట్టుకుంటున్నాడు.

"బావా, నా ఉద్యోగం ఊడుతుంది. విప్పెయ్."

"మీ అక్కనడుగు."

వాడి అక్క, అంటే మరిది పెళ్ళాం, అక్కడే ఉంది. "ఇప్పుడేగా నా ఇంట్లో తిని వచ్చావు? నోర్మూసుకుని ఆ కొస గట్టిగా లాగు."

లాగాడు.

మేనేజరు వచ్చి ఎంతసేపన్నాడు. ఈ వల అయ్యేదాకా అన్నాడు మరిది. అది అయ్యేలోపు పడవవాళ్ళు ఇంకొకటి తెచ్చి పడేశారు. వల ఉన్నంతసేపూ గేటు మూయడం కుదరదు, వలను విప్పినా కోసినా పడవవాళ్ళు ఊరుకోరు. వీధి వీధంతా లోపలికి నడిచింది. నేనూ కాళ్ళు తడుపుకుని, పనిలో పనిగా హోటలు కుర్చీలు మెత్తగా ఉన్నాయో లేదో చూసి వచ్చాను.

కొన్నాళ్ళకు మేనేజరే ఒక కార్డు తెచ్చాడు. "మీకొక్కరికే. వెనక గేటు నుంచి వచ్చి లోపల కుట్టుకోండి. ఇక్కడ విప్పేయండి."

ఆయన విప్పేస్తే మా అందరికీ గేటు మూసుకున్నట్టే. ఇల్లు గడవాల్సినవాడు, పుచ్చుకుంటే మాత్రం ఏమనగలం?

మరిది కార్డు తిప్పి చూశాడు. "తడి వల మొయ్యడానికే నలుగురు కావాలి బాబూ. వాళ్ళకిస్తారా? మరి మా వదినకి? ఆవిడ వచ్చి చూడకపోతే ఆవిడకి అన్నం అరగదు." కార్డు తిరిగి ఇచ్చేశాడు.

నిన్న బాగుచేయడానికి వలలే లేవు. బావమరిది గేటు మూయబోతుంటే, మా మంచం మీది దోమతెర పీక్కుని వెళ్ళాను.

"దీనికి చిరుగేదీ వదినా?"

"ఉంటుంది. ముందు కట్టు, నిదానంగా వెతుకుదువు గాని."