కింద అమ్మమ్మ గోడ

ఈ ఉదయం సెల్లార్‌లోకి దిగేసరికి, టైరు కింద నలిగిన నిమ్మకాయ వాసన ముక్కుకు తగిలింది. రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చినవారు కారు కొని పూజ చేయించినట్టున్నారు. సిమెంటు నేల మీద కుంకుమ, కొబ్బరి పీచు, పసుపు నీళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాచ్‌మన్‌ను పిలిచి శుభ్రం చేయించవలసినదాన్ని, అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలినప్పుడల్లా సత్యవతిగారు గుర్తుకు వస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ మీది అసూయ మాత్రం నాలో ఇంకా బతికే ఉంది.

నర్సీపట్నంలో మాది చిన్న అపార్ట్‌మెంటు. నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, మూడో అంతస్తులో కూతురి దగ్గర ఉంటున్నాను. సత్యవతిగారు కోటవురట్లలో చిన్నపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి వచ్చినవారు. ఆవిడ వాటా గుమ్మం నేరుగా బండ్లు నిలిపే సెల్లార్‌లోకే తెరుచుకునేది. నా కూతురు, అల్లుడు ఉద్యోగాలకు వెళితే మనవరాలు లాస్యను పెంచినది నేను. అన్నం తినిపించినది నేను, జడ వేసినది నేను, పద్యాలు వల్లె వేయించినది నేను. అయినా మూడేళ్లు నిండేసరికి ఆ పిల్ల ఆవిడను "కింద అమ్మమ్మ" అనడం మొదలుపెట్టింది. దానితో నేను "పై అమ్మమ్మ"ను అయ్యాను. అంతవరకు ఆ పదానికి ముందు ఏ విశేషణమూ లేదు.

మా పిల్లలకు ఆడుకోవడానికి సెల్లార్ తప్ప వేరే చోటు లేదు. గేటు దాటితే చెరకు లారీలు, షేర్ ఆటోలు. లోపలా ప్రమాదమే: స్తంభాల చాటున పిల్లలు, ముందూ వెనకా చూడకుండా బండి తీసే పెద్దలు. అందుకని అసోసియేషన్ కార్యదర్శి హోదాలో నేనొక బోర్డు రాయించాను. "వాహనములు నిలుపు స్థలమందు పిల్లలు ఆడరాదు." అక్షరాలు చక్కగా కుదిరాయి. సత్యవతిగారు బోర్డును తల ఎత్తి చదివారు.

"బాగుందండీ హెడ్మిస్ట్రెస్‌గారూ. ఒకటే సిక్కు. ఇది సదవాల్సినోళ్లకి ఇంకా అచ్చరాలు రాలేదు."

అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. లాస్య కూడా, అర్థం కాకపోయినా, ఆవిడ నవ్వు చూసి నవ్వింది. అంత చదువుకున్న మనిషి ఆ యాసలో మాట్లాడటం ఏమిటని విసుక్కుంటూ మెట్లెక్కాను. నిజానికి అలా నవ్వించడం నాకు రానందుకు ఉడుక్కున్నాను.

మరుసటి ఆదివారం ఆవిడ తన గుమ్మం పక్క గోడకు తెల్లసున్నం వేయించి, పిల్లలందరినీ పోగుచేశారు. ఒక్కొక్కరి అరచేతికి ఒక్కొక్క రంగు పూసి గోడ మీద అద్దించారు. లాస్యది నీలం. చివరన తన అరచేతిని కూడా ఎర్రగా అద్దారు.

"బండి సప్పుడు ఇనబడితే ఏటి సెయ్యాలర్రా?"

"గోడకి!" అని పిల్లలు అరిచారు.

"గోడకొచ్చి?"

"మా సెయ్యి మీద సెయ్యి!"

బండి తీసేవారు ముందు ఆ గోడ వైపు చూడాలి. చేయి పడని ముద్ర కనబడితే, ఆ పిల్ల ఇంట్లో ఉందో బండి వెనక ఉందో తేలేదాకా తాళం తిప్పకూడదు. ముప్పై ఏళ్లు హాజరు పిలిచినదాన్ని; గోడ మీద హాజరు తీసుకోవచ్చునన్న ఆలోచన నాకెందుకు తట్టలేదని ఆ మధ్యాహ్నమంతా కుమిలిపోయాను.

పెద్దలనూ ఆవిడ అలాగే లొంగదీశారు. జీడిపప్పు వ్యాపారం చేసే రమణ కొత్త కారుకు పూజ చేయించి, చుట్టూ ప్రదక్షిణ చేసి, నిమ్మకాయల మీదుగా పోనివ్వబోతుంటే ఆవిడ అడ్డు నిలిచారు.

"ఇయ్యాల తిరిగినట్టే రోజూ ఓ సుట్టు తిరిగి బండెక్కు నాయనా."

"రోజూ ప్రదక్షిణేటండీ? ఇది కారా, గుడా?"

"గుళ్లో దేవుడు పక్కకి తప్పుకోగలడు. బండెనకాల కూకున్న పసిపిల్ల తప్పుకోలేదు."

రమణ కారు వెనక వంగి చూసి మళ్లీ ఎక్కాడు. అదే విషయం నేను అంతకుముందే నోటీసుగా పంపి ఉన్నాను. దానిని మడిచి అతను డాష్‌బోర్డు మీద దుమ్ము తుడుచుకోవడం నా కళ్లతో చూశాను.

ఆ రమణే కొన్నాళ్లకు కారు వెనక్కి వచ్చేటప్పుడు పాట మోగే హారన్ పెట్టించాడు. పిల్లలు జాగ్రత్త పడతారని అతని ఉద్దేశం. లాస్యకు ఆ పాటంటే ప్రాణం. పై నుంచి వినబడినా గెంతేది. ఒక ఉదయం పిల్లను తీసుకుని కిందికి దిగాను. రమణ చుట్టు తిరిగాడు, గోడ చూసుకున్నాడు, పిల్లలెవరూ లేరని కారెక్కాడు. మేము చివరి మెట్టు మీద ఉండగా పాట మొదలైంది. లాస్య నా చేయి విదిలించుకుని, కారు వెనక్కే పరుగెత్తి, చేతులు పైకెత్తి ఆడసాగింది.

"లాస్యా! ఆగు!"

అది బడి మొత్తాన్ని నిలబెట్టిన గొంతు. లాస్య ఆగింది. నేను నేర్పినట్టే, కదలకుండా, చేతులు కట్టుకుని, సరిగ్గా కారు వెనక. కారు దాని మీదికే వస్తోంది.

"గోడకి!" అని గుమ్మంలోంచి సత్యవతిగారి కేక.

లాస్య రివ్వున పరుగెత్తి నీలం ముద్ర మీద చేయి వేసింది. అది నిలబడిన చోటు దాటాక గానీ కారు ఆగలేదు.

రమణ కారు దిగి పరుగున వచ్చాడు. ఆవిడ అతన్ని తిట్టలేదు. "ఆ పాట బేగి పీకించెయ్ నాయనా. పాటంటే పిల్లల్ని పిలిసినట్టు కాదేటి?" అన్నారు. తరువాత నా దగ్గరకు వచ్చి, "మీ మాటకి ఎంత బాగా ఆగిందండీ! ఆగడం మీరు నేర్పేరు, ఎక్కడికెళ్లి ఆగాలో నేను నేర్పేను. రెండూ ఉండాల," అన్నారు.

నన్ను దెప్పి ఉంటే తేలికగా ఉండేది. గెలిచిన మనిషి గెలుపులో సగం తీసి నా చేతిలో పెడితే, దానిని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం లాస్య నిద్రలో కూడా కుడిచేతిని మంచం పక్క గోడకు ఆనించి పడుకుంది.

ఒకసారి, ఎవరూ లేనప్పుడు, నా అరచేతిని ఆవిడ ఎర్రముద్ర మీద ఆనించి చూశాను. నా వేళ్లే పొడవు. ఆ సంగతి నాకు ఏ సంతోషమూ ఇవ్వలేదు.

ఇవాళ కొత్తవారు కారు మళ్లీ బయటికి తీసే ముందు, వాళ్ల బాబు అరచేతికి పచ్చరంగు పూసి నేనే గోడకు అద్దించాను. వాళ్ల నాన్న చేత కారు చుట్టూ ప్రదక్షిణ చేయించాను. ఇంజను మోగగానే "గోడకి!" అని కేక వేశాను. పిల్లలందరూ పరుగెత్తారు. లాస్య చేయి ఇప్పుడు నీలం ముద్రలో ఇమడటం లేదు. అది కుడిచేతిని తన ముద్ర మీద వేసి, ఎడమచేతిని సాచి ఎర్రముద్ర మీద వేసింది. రోజూ అంతే. నేను పక్కనే ఉంటాను. నా వైపు చూడదు.

గోడంతా చూసుకుని, అన్ని ముద్రలూ నిండాయని తేల్చుకుని, కారును పోనిమ్మని చేయి ఊపాను. పిల్లలు పరుగెత్తేది ఇప్పుడు నా కేకకే. వెళ్లి చేరేది మాత్రం ఆవిడ దగ్గరికి.