హోటల్లో నా జుట్టు పట్టి లాగిందెవరు?

నవ్వితే నవ్వండి గానీ, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. పిల్లల మీద ఒట్టు వెయ్యను, వాళ్లు నాకు కావాలి. నా కళ్ల మీద వేస్తాను. ఇది జరిగింది... నాకే జరిగింది.

ఆ ఏడు చోడవరంలో మా చెరుకుతోట గానుగ దగ్గర రెండు నెలలు బెల్లం వంట సాగింది. పనివాళ్లందరికీ అన్నాలు వండింది నేనే. నడుం పడిపోయింది. విశాఖపట్నం ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా చెల్లెలు నూకరత్నం వచ్చి నన్ను చూసి, మా ఆయన మీద మండిపడింది.

"బావా, అప్పని రెండ్రోజులు నాకొగ్గేయ్. గరిటి ముట్టుకోనివ్వను."

పిల్లలు ముగ్గురినీ అత్తగారికి అప్పగించి బస్సెక్కాను. సముద్రానికి ఎదురుగా ఒక హోటల్లో మేడమీద గది తీసింది చెల్లెలు. వేడినీళ్లు నింపుకునే తెల్లటి తొట్టి. గంట కొడితే టీ. స్ప్రింగుల మంచం. పెళ్లయ్యాక ఒకరు వండి పెడితే కూర్చుని తినడం అదే మొదలు. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. చెల్లెలికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

రాత్రి అది డ్యూటీకి వెళ్లిపోయింది. నేను కుంకుడుకాయతో తలంటుకున్నాను. తడిజుట్టుతో పడుకుంటే నాకు తలనొప్పి. మా ఇంట్లో అయితే కుంపట్లో సాంబ్రాణి వేసి, ఆ పొగకి జుట్టు ఆరబెట్టుకుని, కుంపటి మంచం పక్కనే ఉంచి పడుకుంటాం. గంట కొట్టాను. బేరరు అప్పన్న వచ్చాడు, యాభై ఏళ్ల మనిషి.

"నిప్పులా? గదిలోకా? ఏటికమ్మా?"

"తలారబెట్టుకోడానికి బాబూ. కుంపటి నిండా పట్టుకురా."

తెచ్చి మంచం పక్కన పెట్టాడు. సముద్రం హోరుకి నిద్ర పట్టేలా లేదని అద్దాల కిటికీలన్నీ మూసేశాను. తలుపు గడియ వేశాను. దీపం ఆర్పి, జుట్టు మంచం అంచు మీంచి కిందికి పరిచి పడుకున్నాను. ఒళ్లు తెలియని మత్తు కమ్మింది. సుఖమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

ఎంతసేపైందో తెలీదు...

చిట్... బొగ్గు చిట్లింది.

మళ్లీ ఏమీ లేదు...

నా జుట్టు కదిలింది.

మెల్లిగా... ఎవరో చివర్లు పోగుచేస్తున్నట్టు. ఒక పాయ... ఇంకో పాయ... పిడికిట్లో చుట్టుకుంటున్నట్టు... కళ్లు తెరుద్దామంటే రెప్పలు లేవలేదు. అరుద్దామంటే నాలుక కదల్లేదు.

అప్పుడు లాగారు.

ఎంత గట్టిగా అంటే, మంచం మీంచి కింద పడ్డాను. "ఎవర్తివే నువ్వు!" అని అరిచాను. భయం కన్నా కోపమే ఎక్కువ. మళ్లీ లాగుడు... తలుపు వైపు. లేవబోయి మళ్లీ పడ్డాను. పాక్కుంటూ వెళ్లానో, ఈడ్చుకెళ్లారో... గడియ మాత్రం నేనే తీశాను. ఆ చల్లటి ఇనుము నా వేళ్లకి గుర్తుంది. వరండాలో కూలబడి వాంతి చేసుకున్నాను.

అప్పన్న పరిగెత్తుకొచ్చాడు. దీపం వేసి, కిటికీలన్నీ తెరిచాడు. గదిలో ఎవరూ లేరు.

తెల్లారి చెల్లెలికి చెబితే దాని మొహం పాలిపోయింది.

"ఓలప్పో! మనింటి పెంకుల సందుల్లోంచి గాలి పోతది. ఇక్కడ సందేటుంది? మూసిన గదిలో బొగ్గుల గాలి నిద్దట్లోనే సంపేస్తది. నువ్వు దొర్లినప్పుడు జుట్టు మంచం స్ప్రింగుల్లో ఇరుక్కునుంటది."

అయ్యుండొచ్చు. చదువుకున్న పిల్ల. కానీ మంచంలో ఇరుక్కున్న జుట్టు మంచం వైపు లాగాలి గదా... తలుపు వైపెందుకు లాగింది? అదే అడిగాను. అది నా మాడు తడిమి చూసింది.

ఆడో, మగో, అసలెవరైనా ఉన్నారో... ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరైతేనేం, నా పిల్లలకి తల్లిని మిగిల్చారు.

మధ్యాహ్నం ఇద్దరికీ భోజనం వచ్చింది. నేను ముట్టకుండా, ముందు ఒక ముద్ద తీసి గుమ్మం దగ్గర ఆకు మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. చెల్లెలు నవ్వుతుందనుకున్నాను. అది లేచొచ్చి, తన కంచంలోంచి ఇంకో ముద్ద తీసి పక్కన పెట్టింది.