ప్రశ్నలు రాసిన చేతులు

ఇంటర్ రెండో ఏడాది అంతా మా ఇంట్లో ఆదివారమంటే కాలేజీ నుంచి నాన్న ఫోనుకి వచ్చే మెసేజే. శనివారం రాసిన ఎంసెట్ ప్రాక్టీస్ పరీక్షలో నాకు వచ్చిన మార్కులు, కాలేజీ మొత్తంలో నా స్థానం అందులో ఉండేవి. నాన్నకి ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. కళ్లజోడు పెట్టుకుని అంకె చదివి, తలెత్తి నా వైపు చూసేవాడు. వారమంతా నేను ఆ చూపు కోసమే చదివేదాన్నేమో.

మాది తుమ్మపాల దగ్గర పల్లె. చెరుకు, కొంచెం వరి. రోజూ బస్సులో అనకాపల్లి వెళ్లి వచ్చేదాన్ని. నాన్న ముందే మాట చెప్పేశాడు. విశాఖలో యూనివర్సిటీ ఇంజినీరింగ్ సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకుంటే హాస్టల్లో ఉంచి చదివిస్తాడు. రాకపోతే అనకాపల్లిలోనే డిగ్రీ. నాకు విశాఖ కావాలి. నలుగురిలో నోరు విప్పలేని నాకు, నన్నెవరూ ఎరగని ఊళ్లో ఒక గది, నడిచి వెళ్లేంత దూరంలో పెద్ద లైబ్రరీ కావాలి. ఆ గది గురించి డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో. కిటికీ ఎటు వైపు ఉండాలో కూడా రాసుకున్నాను.

మార్కులు వారం వారం పెరిగాయి. ఎందుకు పెరుగుతున్నాయో అప్పుడు నాకు తెలియలేదు.

చిన్నప్పటి నుంచీ పాఠ్యపుస్తకం కింద కథల పుస్తకం పెట్టుకుని చదివే అలవాటు నాది. ఒకరి కథలు వరసగా చదివితే, అట్ట చూడకుండానే ఆ మనిషిని పోల్చుకోవచ్చు. ప్రాక్టీస్ పేపర్లు మా లెక్చరర్లే తయారు చేసేవారు. ఫిజిక్స్ సార్ లెక్కలు ఎప్పుడూ నిండు అంకె దగ్గర తెగేవి. దశాంశాలు మిగిలాయంటే నేనెక్కడో తప్పు చేసినట్టు. కెమిస్ట్రీ మేడమ్ నాలుగు జవాబుల్లో ఒకదాన్ని మరీ ముచ్చటగా పెట్టేవారు. అది వల. మ్యాథ్స్ సార్ పాఠం చెబుతూ ఎక్కడ గొంతు తగ్గిస్తే, శనివారం పేపర్లో అక్కడి నుంచే లెక్క వచ్చేది. ఇవన్నీ నేను కావాలని గమనించినవి కావు. చదువుతున్నాననే అనుకున్నాను.

అసలు పరీక్ష కంప్యూటర్ మీద. మొదటి ప్రశ్నలు బాగానే సాగాయి. తర్వాత ఏదో లోటు తెలిసింది. ఆ ప్రశ్నల వెనక నాకు తెలిసిన మనిషి ఎవరూ లేరు. లెక్క చేస్తే దశాంశాలు వచ్చాయి. తప్పనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అవే. ముచ్చటగా కనిపించిన జవాబులను వల అనుకుని వదిలేశాను. తర్వాత ఆన్‌లైన్లో కీ పెట్టినప్పుడు చూసుకుంటే వాటిలో చాలావరకు సరైనవే. నేనింకా ఆ దశాంశాల లెక్కల దగ్గరే తచ్చాడుతుండగా టైము అయిపోయింది.

ర్యాంకు వచ్చింది. విశాఖకి దరిదాపుల్లో లేదు. అమ్మ దిష్టి తగిలిందంది. పాయకరావుపేట నుంచి మామయ్య వచ్చి, ఆ మార్కులు వచ్చే పిల్లకి ఇది జరగవలసింది కాదని, వెంట్రుకవాసిలో పోయిందని, అదే కాలేజీలో ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించమని గట్టిగా చెప్పాడు. చెప్పడమే కాదు, వెళ్లి నా పేరు కూడా రాయించి వచ్చాడు. నేను తలూపితే చాలు. ఆ గది ఇంకా నాదే కావచ్చు.

మర్నాడు నాన్న చెరుకు తోటలో ఎండుటాకులు దూస్తుంటే అన్నం క్యారేజీ పట్టుకెళ్లాను. తింటూ అడిగాడు.

"మావయ్య సెప్పింది బాగానే ఉంది. ఓ ఏడాది పోతే పోనీ. ఏటంతావు?"

"ఆ మార్కులు నావి కావు నాన్నా."

నాన్న చెయ్యి ఆగింది. "సూసి రాసేవేటి?"

"లేదు."

"మరేటి?"

అప్పుడు షావుకారు గుర్తొచ్చాడు. నాన్న ఏళ్ల తరబడి మా బెల్లం అనకాపల్లి మార్కెట్లో ఒకే షావుకారుకి వేసేవాడు. ఆయనకి బెల్లం తెల్లగా, గట్టిగా ఉండాలి. ఆయన కంటికి ఏది నచ్చుతుందో నాన్నకి తెలుసు, అలాగే వండేవాడు. ఎప్పుడూ మంచి ధరే. ఒక ఏడు ఆయన జబ్బుపడి కొట్టు మూసేశాడు. వేరే షావుకారు మా బెల్లం దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకుని, రుచి లేదని పక్కన పెట్టేశాడు. అదే చెరుకు, అదే పెనం.

"నువ్వు ఆ షావుకారుకి వండినట్టు, నేను మా సార్లకి వండేను నాన్నా. నాకు ఫిజిక్స్ రాదు."

నాన్న క్యారేజీ గిన్నె మూత పెట్టాడు.

"మళ్లీ ఆళ్ల దగ్గరికే పంపితే?"

"ఆదివారం మంచి మెసేజే వత్తాది."

చెయ్యి కడుక్కుని లేచాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "వంట మళ్లీ నేర్సుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది."

అనకాపల్లిలో డిగ్రీలో చేరాను. డైరీలో ఆ గది గురించి తర్వాత రాయలేదు. రాసినవి చింపనూ లేదు. సాయంత్రాలు ఫిజిక్స్ పుస్తకం మొదటి పాఠం నుంచి తీసి, కింద నాలుగు జవాబులు లేని లెక్కలు చేస్తున్నాను. చాలా నెమ్మదిగా సాగుతోంది. కొన్ని రోజులు ఒక్కటీ తేలదు.

మామయ్య రాయించిన పేరు కాలేజీ వాళ్లు ఇంకా తీయలేదు. ఆదివారం మెసేజ్ వస్తూనే ఉంది. మొన్న కూడా వచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని చూశాడు. అంకె ఉండవలసిన చోట సున్నా ఉంది.

"ఈ వారం కూడా నువ్వు ఎల్లలేదంట" అన్నాడు.

నేను లెక్కలో ఉన్నాను. చివర దశాంశాలు మిగిలాయి. మొదటి నుంచి మళ్లీ చూసుకున్నాను. తప్పు దొరకలేదు. అలాగే రాసి ఉంచాను.